ఊయల ఎక్కడ కట్టాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "మహిళా శిశు సంక్షేమం గురించి ఓ పదిహేను నిమిషాలు మాట్లాడండమ్మా" అన్నారు. ఆ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేశాను కనుక ఏదో ఒకటి చెప్పగలననే ధైర్యం ఉంది. అయితే నేను లెక్కలు అప్పజెప్పడానికి రాలేదు. ఒక తప్పు ఒప్పుకోవడానికీ, మన సంఘాన్ని ఒక గది అడగడానికీ వచ్చాను. ముందే చెబుతున్నాను, తరువాత ఎవరూ ఆశ్చర్యపోకుండా.

ఈ డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, అది హక్కు అని తేల్చింది. వయసు మళ్ళినవాణ్ణి చూసుకోవడం దయ కాదు, బాధ్యత అని ఆ తీర్పు నుంచి మనం నేర్చుకున్నాం. మరి నడక కూడా రాని పసివాణ్ణి చూసుకోవడం ఏమవుతుంది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది.

నేను 1982లో సూపర్‌వైజరుగా చేరాను. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అదే ఐ.సి.డి.ఎస్., 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. నాకు పల్నాడులో పోస్టింగు ఇచ్చారు. ఇరవై పైచిలుకు అంగన్‌వాడీ కేంద్రాలు నా కింద ఉండేవి. బస్సు దిగి మూడు నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి, హాజరు పట్టీ చూసి, వేలాడే త్రాసులో పిల్లల్ని తూచి, ఎదుగుదల చార్టులో చుక్క పెట్టి, సాయంత్రం బస్సుకు తిరిగి రావడం నా పని.

1986 ఫిబ్రవరిలో ఒక ఊళ్ళో కేంద్రానికి వెళితే 30 మంది పేర్లున్న రిజిస్టరుకు ఏడుగురు పిల్లలున్నారు. కార్యకర్త నాకంటే పెద్దావిడ, పెద్దగా చదువుకోలేదు. "పిల్లలేరీ?" అని అడిగాను. "మిరపకాయ కోతలండీ" అంది. "కోతలు పిల్లలకా, తల్లులకా?" అని గద్దించి, విధి నిర్వహణలో నిర్లక్ష్యమని మెమో ఇచ్చాను. ఆవిడ వేలిముద్ర వేసినంత కష్టంగా సంతకం చేసి తీసుకుంది. తీసుకుంటూ ఒక్కమాట అంది. "మీరు తొమ్మిదికి తెరవమన్నారమ్మా. తల్లులు అయిదున్నరకే పోతారు."

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మరునాడు తెల్లవారుజామునే వెళ్ళాను. ముఠా మేస్త్రి కేక వేస్తుంటే ఆడవాళ్ళు సద్దిగిన్నెలతో ట్రాక్టరెక్కుతున్నారు. చంటిపిల్లలు చంకల్లో ఉన్నారు. నేనూ ఎక్కాను. చేను గట్టు మీద వేపచెట్టు కొమ్మలకు పాత చీరలతో నాలుగు ఊయలలు కట్టారు. గాలి వీస్తే మిరపఘాటు. పిల్లలు తుమ్ముతున్నారు, ఏడుస్తున్నారు. ఆ నాలుగు ఊయలలనూ ఊపుతున్నది ఏడేళ్ళ పిల్ల. ఒక చేత్తో ఇది ఊపి, పరుగెత్తి అది ఊపి, మధ్యలో చీమలు పట్టిన పాలసీసా తుడుస్తోంది. "బడికి పోవా?" అంటే "కోతలయ్యాక పోతా" అంది. కోతలు ఏప్రిల్ దాకా ఉంటాయి. అప్పటికి బడికి సెలవులిచ్చేస్తారు. ఆ పిల్ల రెండో తరగతితోనే చదువు మానేసిందని రెండేళ్ళ తరువాత తెలిసింది.

ఆ కొన్ని నెలలపాటు కేంద్రం వేళలు మార్చాలని నేను పైకి ఒక నోటు రాశాను. నియమావళి అనుమతించదని జవాబు వచ్చింది. సరేనని ఫైలు మూశాను. కానీ నేనిచ్చిన మెమోను మాత్రం వెనక్కు తీసుకోలేదు. అది నా చేతిలో పని. తీసుకుంటే సూపర్‌వైజరు తప్పు చేసినట్టు అవుతుందని భయపడ్డాను. ఆవిడ పదవీ విరమణ దాకా ఆ కాగితం ఆవిడ ఫైల్లోనే ఉంది. నేను ఒప్పుకోవాలనుకున్న తప్పు ఇదే.

అప్పటి నుంచి ఏ పథకం చూసినా నాలుగు కొలతలు వేసి చూడడం నాకు అలవాటైంది. వయసు, వేళ, దూరం, నమ్మకం. పిల్లల్ని చూసుకునే చోటు ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ చోటు ఎవరి అవసరానికి అతుకుతుంది అన్నది మిగతా సగం.

మొదటిది వయసు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు. మూడేళ్ళలోపు వారికి టీకాలు, తూకం, ఇంటికిచ్చే బాలామృతం ఉన్నాయి. అవి మంచివే. కానీ పగలంతా ఆ బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి? మన ఉద్యోగినుల సంగతే చూడండి. కేంద్ర ప్రభుత్వంలో ప్రసూతి సెలవు ఒకప్పుడు 90 రోజులు. 1997లో 135 అయింది, 2008లో 180 అయింది. అదే ఏడాది రెండేళ్ళ శిశు సంరక్షణ సెలవు కూడా వచ్చింది. ప్రైవేటు సంస్థల్లో 2017లో 26 వారాలు చేశారు. ఆరు నెలలకు సెలవు అయిపోతుంది, మూడేళ్ళకు అంగన్‌వాడీ మొదలవుతుంది. నడుమ రెండున్నరేళ్ళు. అవే బిడ్డకు అన్నిటికంటే ఎక్కువగా మనిషి కావలసిన ఏళ్ళు. కూలి తల్లికి ఆ ఆరు నెలల సెలవు కూడా ఉండదు. 2017లో వచ్చిన మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తున్నారు. దానితో ఎన్ని రోజులు ఇంట్లో కూర్చోగలదో లెక్క మీరే వేసుకోండి.

రెండోది వేళ. కేంద్ర ప్రభుత్వపు శిశుగృహాల పథకం 2006 నుంచి రకరకాల పేర్లతో నడిచి, 2022 నుంచి 'పాల్నా' అనే పేరుతో ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు చూస్తారు. రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు అన్నది ఆ పథకం లెక్క. కలం పట్టే ఉద్యోగినికే అది చాలదు, దారిలో గంట, వచ్చేటప్పుడు గంట. ఇళ్ళలో పాచిపని చేసే ఆమెకు పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం కావాలి. ఆస్పత్రి ఆయాకు రాత్రి డ్యూటీ ఉంటుంది. మిరపకోత మనిషికి ఏడాదిలో నాలుగు నెలలు తెల్లవారుజాము నుంచి కావాలి, మిగతా ఎనిమిది నెలలు అంతగా అక్కరలేదు. అందరికీ ఒకే గంట కొడితే ఎవరో ఒకరికి అది వినిపించదు.

మూడోది దూరం. అంగన్‌వాడీకి ఒక ఊరు, ఒక జనాభా లెక్క ఉంటుంది. మైదానంలో 400 నుంచి 800 మందికి ఒకటి, గిరిజన ప్రాంతాల్లో 300 మందికి కూడా ఇస్తారు. చిన్న ఆవాసాలకు మినీ కేంద్రాలు పెట్టారు. కానీ ఊరే కదిలిపోతే ఏం చేయాలి? కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి మా గుంటూరు వైపు పత్తికీ మిరపకూ కుటుంబాలకు కుటుంబాలే వలస వచ్చేవి. ఆ పిల్లల పేర్లు వాళ్ళ ఊరి రిజిస్టరులో ఉంటాయి, పిల్లలు మా ఊరి చేలగట్ల మీద ఉంటారు. అక్కడ గైరుహాజరు, ఇక్కడ లెక్కలోనే లేరు. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవారి పిల్లలకు మరో చిక్కు ఉంది. పక్కనే అంగన్‌వాడీ ఉన్నా, టీచరు మాట పిల్లకు తెలియదు, పిల్ల మాట టీచరుకు తెలియదు.

ఇక్కడ ఇద్దరు మహానుభావుల్ని తలుచుకోవాలి. 1945లో తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరాన బోర్డి గ్రామంలో పల్లెపిల్లల కోసం బాలవాడి పెట్టారు. గిరిజనుల పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయారు. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న మాట అలా పుట్టింది. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి నిర్మాణాలు జరుగుతుంటే, అక్కడి కూలీల పిల్లలు మట్టిలో పడి ఉండడం చూసి మీరా మహాదేవన్ ఒక గుడారం వేసి శిశుగృహం నడిపారు. మొబైల్ క్రెష్‌లు అలా మొదలయ్యాయి. పని ఎక్కడికి పోతే పాక అక్కడికి పోవాలి. ఇద్దరూ పాటించిన సూత్రం ఇదొక్కటే. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనప్పుడు బాలవాడీలను పల్లెలకు తీసుకువెళ్ళిందీ ఈ ఆలోచనతోనే.

నాలుగోది నమ్మకం. ఇది రిజిస్టరులో కనబడదు. కేంద్రం పెద్దవీధిలో ఉంటే పల్లె నుంచి, అంటే ఆ రోజుల్లో మనం హరిజనవాడ అనేచోటి నుంచి, పిల్లలు గుమ్మం దగ్గరే నిలబడేవారు. పల్లెలో కేంద్రం పెడితే ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని పంపేవారు కాదు, ఇంటికిచ్చే సరుకు మాత్రం మనిషిని పంపి తెప్పించుకునేవారు. తండాలో లంబాడీ పిల్ల ఇంట్లో ఒక భాష మాట్లాడి, కేంద్రంలో ఇంకో భాష వింటుంది. ఒక తండాలో మాత్రం అక్కడి కోడలే ఆయాగా చేరింది. ఆమె వాళ్ళ భాషలోనే జోలపాట పాడేది. ఆ కేంద్రంలో హాజరు గురించి నేనెప్పుడూ మెమో రాయవలసి రాలేదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1951 తోటల చట్టం, 1966 బీడీ కార్మికుల చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం, అన్నీ శిశుగృహం గురించి రాశాయి. ఫ్యాక్టరీలో 30 మందికి మించి ఆడవాళ్ళు ఉంటే గది పెట్టాలన్నారు. ఒక చోట తనిఖీకి వెళ్ళిన బృందంలో నేనూ ఉన్నాను. హాజరు పట్టీలో ఆడవాళ్ళు సరిగ్గా 29 మంది. భోజనం గంట కొట్టాక బయటికి వచ్చినవాళ్ళను నేను లెక్కపెట్టలేకపోయాను. ఆడవాళ్ళను మాత్రమే లెక్కిస్తే జరిగేది ఇదే. బిడ్డ తల్లి ఒక్కదానిదే అన్నట్టుంటుంది, ఆడమనిషిని పనిలో పెట్టుకుంటే ఖర్చు అన్న భావమూ కలుగుతుంది. 2017 సవరణలో 50 మంది ఉద్యోగులుంటే శిశుగృహం ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చన్నారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు కూడా ఆడా మగా కలిపి లెక్కించే పద్ధతినే తీసుకున్నాయి. ఆ మేరకు అది మేలే. కానీ నలుగురు పనివాళ్ళున్న చోట, పొలంలో, ఇంటిపనిలో ఉన్నవాళ్ళు ఏ లెక్కలోకీ రారు. 2005 ఉపాధి హామీ చట్టం ఒక మంచి మాట రాసింది. పని చోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే ఒక ఆమెను వాళ్ళను చూసుకోవడానికే పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. పిల్లల్ని చూడడం కూడా పనే అని ఒప్పుకున్న మాట అది. నేను పదవిలో ఉన్నన్నాళ్ళు చూసిన చెరువు పనుల్లో మాత్రం ఊయల వేపచెట్టుకే ఉండేది, ఊపేది అక్కే.

ఇక మన సంగతికి వద్దాం. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు. ఆ వడ్డీని వసూలు చేసుకోవడానికి మనం ఎంత దూరమైనా పోతున్నాం. నేను టెక్సాస్ మూడుసార్లు వెళ్ళాను. ఆరు నెలలుండి, మనవడిని పెంచి, లైఫ్ సర్టిఫికెట్ వేళకు వచ్చాను. ఇప్పుడు ఫోన్లోనే ముఖం చూపించి జీవించి ఉన్నామని చెప్పుకోవచ్చు కనుక ఆ సాకు కూడా లేదు. అంత ధనిక దేశంలో 1993 చట్టం ప్రకారం 50 మంది, ఆపైన ఉన్న సంస్థల్లో పనిచేసేవారికి దొరికేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. డే కేర్ ఉంది, కానీ అక్కడ కట్టే డబ్బు వింటే నా పెన్షన్ సిగ్గుపడుతుంది. కనుక మా కోడలికి నేను, మా వియ్యపురాలు వంతులవారీగా శిశుగృహాలం. దూరపు కొండలు నునుపు. కొరత అక్కడా ఉంది, దాన్ని పూడ్చేది మనవంటి ముసలివాళ్ళే. పూడ్చడం నాకు కష్టం కాలేదు, సంతోషమే. నడుమునొప్పి గురించి మాత్రం మా అబ్బాయికి చెప్పలేదు.

అయితే అందరికీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఉండరు. ఉన్నా వాళ్ళూ కూలికి పోవాలి.

మూడో ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. "చంటోడికి జ్వరమండీ అమ్మగారూ" అంది. "మరి ఎవరు చూస్తున్నారు?" అన్నాను. "పెద్దదుందిగా" అంది. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. దసరా సెలవుల తరువాత మళ్ళీ బడికి పోలేదట. ఇల్లు ఎక్కడో కాదు. మన పెన్షనర్ల భవనం వెనక సందులో మూడో గది. వెళ్ళి చూశాను. గుమ్మంలో ఆ పిల్ల తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపుతూ కూర్చుని ఉంది. ఆ ఊపులో నాకు 1986 కనిపించింది. వేపచెట్టు లేదు, మిరపఘాటు లేదు. పిల్ల మాత్రం అదే.

ఆమె నా ఇంట్లో గిన్నెలు తోముతున్నందువల్లే నేను నిశ్చింతగా సభలకు వచ్చి స్త్రీ శిశు సంక్షేమం మీద మాట్లాడగలుగుతున్నానని ఆ రోజు తెలిసింది. ఆ సందులో అడిగితే మూడేళ్ళలోపు పిల్లలు పద్నాలుగు మంది తేలారు. వాళ్ళ తల్లుల్లో పదకొండు మంది మన ఇళ్ళలోనే పనిచేస్తున్నారు. అంగన్‌వాడీ ఉంది, మంచి టీచరే. ఆమె దగ్గర ఇప్పటికే గది నిండా పెద్ద పిల్లలున్నారు, చంకపిల్లల్ని కూడా పగలంతా ఉంచుకోమంటే ఆమె ఏం చేస్తుంది? అసలు అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికే 2022 దాకా సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టమని నేను అనను.

నేనడిగేది మన భవనంలో కింది గది. దాని కొలత తీశాను. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. పక్కనే కుళాయి ఉంది. ఇప్పుడందులో విరిగిన కుర్చీలు, పాత సర్క్యులర్లు, పి.ఆర్.సి. ఉద్యమాలనాటి బ్యానర్లు ఉన్నాయి. పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ గదిని పద్నాలుగు మంది పిల్లలకు ఇద్దాం. ఒక మనిషికి పదిమంది పసివాళ్ళను మించి అప్పజెప్పకూడదు కనుక ఇద్దరు ఆయాలు కావాలి. ఆ సందులోని ఆడవాళ్ళే ఉండాలి, జీతం ఇవ్వాలి. సేవ పేరు చెప్పి చాకిరీ చేయించుకోవద్దు. మన సంఘంలో 200 మందికి పైగా ఉన్నాం. నెలకు తలా 150 రూపాయలు వేసుకుంటే 30,000. ఇద్దరికీ చెరి 12,000 ఇచ్చినా పాలకు, సబ్బుకు, మందులకు 6,000 మిగులుతుంది. తల్లుల దగ్గర కూడా ఎంతో కొంత తీసుకుందాం. వాళ్ళకు కష్టమని కాదు, డబ్బిచ్చినవాళ్ళకు అడిగే ధైర్యం ఉంటుంది.

కార్యవర్గంలో ఈ మాట ఎత్తినప్పుడు వచ్చిన అభ్యంతరాలు నాకు తెలుసు. పిల్లల ఏడుపుకు పై అంతస్తులో పేపరు చదువుకోవడం కుదరదన్నారు. నిజమే, కొంత కుదరదు. పిల్లకు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్నారు. అది సరైన ప్రశ్న. గేటుకు గొళ్ళెం, వచ్చేపోయే పుస్తకం, వారానికోసారి మన సభ్యుల్లోని డాక్టరుగారి పరీక్ష, ఇవన్నీ రాసి పెట్టుకుందాం. ఇది ప్రభుత్వం చేయవలసిన పని, మనకెందుకన్నారు. ప్రభుత్వమే చేయాలి, అడుగుదాం. పాల్నా కింద ఒక కేంద్రం ఇమ్మని అర్జీ నేనే రాస్తాను. ఇన్నాళ్ళూ ఆ అర్జీలు అందుకునే బల్లకు అవతలివైపు కూర్చున్నదాన్ని, ఏ మాట రాస్తే ఫైలు కదులుతుందో కొంచెం తెలుసు. కానీ ఫైలు కదిలేలోపు ఆ తొమ్మిదేళ్ళ పిల్లకు పద్నాలుగేళ్ళు వస్తాయి.

1986లో నా చేతిలో ఉన్న చిన్న పని నేను చేయలేదు. ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు, క్షమించమని అడగడానికి. ఈ గది మాత్రం మన చేతిలో ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనిని తీర్మానంగా పెడుతున్నాను. వ్యతిరేకంగా ఓటు వేయదలచినవారు అంతకుముందు ఒక్కసారి ఆ వెనక సందులోకి వచ్చి చూడమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఎవరు వస్తానన్నా నేను తోడు వస్తాను. పొద్దున తొమ్మిదికి కాదు, ఆరింటికి.